మిరప ఘాటేనన్న మాట

మొన్నొక మధ్యాహ్నం భోజనమయ్యాక వసారాలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తుంటే, మా వీధిలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి పాలు తోడుపెట్టుకోవడానికి కాస్త పెరుగు కావాలని వచ్చింది. మాటల్లో మాటగా, వాళ్లాయన గొంతు నెలకు పైగా బొంగురుపోయి ఉందనీ, డాక్టరుకు చూపిద్దామంటే, పనిచేసేది మిరప బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలో కదా, మిరప ఘాటేలే, అదే తగ్గుతుందని కొట్టిపారేస్తున్నాడనీ నవ్వుతూ చెప్పింది. నేను గిన్నె చేతికివ్వడం కూడా మరిచిపోయి ఆ పిల్ల ముఖం వంక చూస్తూ ఉండిపోయాను.

"రేపు పొద్దున్నే తీసుకెళ్లమ్మా. అతనొక్కణ్ణే పంపమాక. నువ్వు కూడా లోపలికెళ్లి డాక్టరు ఎదురుగా కూర్చో. ఆయన చెప్పేది నీ చెవులతో నువ్వు విను" అన్నాను. నా గొంతు ఎలా పలికిందో ఏమో, ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. గిన్నె తీసుకుని గబగబా వెళ్లిపోయింది. నాకు మాత్రం కునుకు మళ్లీ పట్టలేదు. మిరప ఘాటు అన్న ఆ రెండు మాటలు ఎన్నేళ్ల కిందటివో అన్నీ తవ్వి పోశాయి.

మా ఆయన గొంతు గురించి మా ఊళ్లో నా ఈడు వాళ్లనెవరినడిగినా చెబుతారు. ప్రత్తిపాడుకు దగ్గర్లోనే మా ఊరు. మా మిరప చేను ఊరికి తూర్పున వాగు దాటాక ఉండేది. ఆయన గట్టు మీద నిలబడి కూలీల్ని కేకేశారంటే వాగుకు ఇవతల దొడ్లో అంట్లు తోముకుంటున్న నాకు వినిపించేది. మా ఇంటికి ఫోను వచ్చిన కొత్తల్లో, ఈయనకు తీగెందుకండీ, తలుపు తీసి మాట్లాడితే గుంటూరుకు వినపడదా అని నవ్వేవాళ్లు. ఇంట్లో మామూలుగా మాట్లాడినా తగాదా పడుతున్నట్టే ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను బెదిరిపోయేదాన్ని, ఏదో తప్పు చేశాననుకుని. తర్వాత తెలిసింది, ఆయన కోపం వస్తే అసలు మాట్లాడరని. గొంతు పెద్దగా ఉన్నంతసేపూ ఇంట్లో అంతా బాగున్నట్టే లెక్క.

ఆ బెదురు పోగొట్టింది మా సొంత అక్కే. మేమిద్దరం వినుకొండ వైపు నుంచి ఈ ఊరికి, ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్లం. అక్క ముందు వచ్చింది, పెద్దాయన భార్యగా. నేను కొన్నేళ్ల తర్వాత చిన్నాయన భార్యగా. మెట్టపొలాల ఊరి నుంచి వచ్చి ఈ నల్లరేగడి బురదలో కాలు తీసి కాలు వేయడం కూడా నాకు అక్కే నేర్పింది. మా ఇద్దరికీ పోలికలు ఎంత కలుస్తాయంటే, మా అత్తగారు ముసలితనంలో చూపు తగ్గాక నన్ను పిలిచి అక్కకు చెప్పాల్సినవి చెప్పేది, అక్కను పిలిచి నాకు పెట్టాల్సిన చీవాట్లు పెట్టేది. అన్నదమ్ములు వేరుపడినా ఇళ్లు పక్కపక్కనే. మధ్య గోడలో ఒక దారి వదిలి కట్టించుకున్నాం. దానికి తలుపు పెట్టాలని ఎవరికీ తోచలేదు. బావగారు నడివయసులోనే పోతే, అక్కకు ఏ అవసరం వచ్చినా మా ఆయనే చూసుకునేవారు. వదినంటే ఆయనకు తల్లి తర్వాత తల్లి.

ఇక ఆ సంవత్సరం సంగతి. మా అమ్మాయి తొలిచూలు పురిటికి ఇంటికి వచ్చింది. కాపు బాగా దిగింది. మిరప కోతలు మొదలైతే మా ప్రాంతంలో దగ్గు, తుమ్ము ఎవరూ పట్టించుకోరని నేను మీకు చెప్పనక్కర్లేదు. కోతకు వచ్చే ఆడవాళ్లు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని వంగుతారు. కల్లంలో కాయ తిరగబోస్తే వీధి వీధంతా తుమ్ముతుంది. ఆ రోజుల్లో ఎవరింటికి వెళ్లినా గొంతు సవరించుకునే మాట్లాడతారు. అందుకే మా ఆయన గొంతు కొంచెం బొంగురుపోతే మొదట నేనూ లెక్కచేయలేదు. కానీ కోతలు మొదలుకాక ముందు నుంచే ఆ బొంగురు ఉంది కదా అని ఒకరోజు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కటీ కనపడసాగింది. గుక్కెడు నీళ్లు తాగితే పొలమారేది. ముద్ద మింగుతూ చెవి పట్టుకునేవారు. ఎందుకు చెవి పట్టుకుంటారంటే చెవిలో పోటంటారు. చుట్ట కాలుస్తూ సగంలో పారేసేవారు. అది ఆయన చేసే పని కాదు. పొలం నుంచి కేక వినపడడం ఎప్పుడో మానేసింది.

నేను ఊరుకోలేదు. అన్నం పెట్టేటప్పుడల్లా అడిగాను, కూతురి చేత చెప్పించాను, అలిగాను కూడా. చివరికి ఒకరోజు అక్కను మోకాళ్ల నొప్పులకు గుంటూరు తీసుకువెళ్తూ, "సరేలేవే, పనిలో పని నేను కూడా గొంతు డాక్టరుకు చూపించుకునొస్తా" అన్నారు. నేను కూడా వస్తానంటే, నిండు చూలాలిని ఇంట్లో ఒక్కదాన్నే వదిలి ఎట్టా వస్తావని అక్క అడ్డుపడింది. నిజమే కదా అని ఆగిపోయాను.

పొద్దు వాలేసరికి ఇద్దరూ తిరిగి వచ్చారు. నేను కాళ్లకు నీళ్లు కూడా ఇవ్వకముందే అడిగాను, డాక్టరు ఏమన్నాడని.

"ఏముందీ, మిరప ఘాటేనంట. గొంతు ఒరిసిపోయిందంట. మందిచ్చాడు" అని సంచిలోంచి ఒక సీసా తీసి చూపించారు.

నేను అక్క వంక చూశాను. ఆయన మాట కంటే నాకు ఆవిడ మాట నమ్మకం. అక్క అరుగు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ, "అవునే, నేను పక్కనే ఉన్నా గదా. భయపడాల్సిందేం లేదన్నాడు. నువ్వు పిల్లను చూసుకో" అంది.

ఆ పూట నేను దేవుడి ముందు దీపం పెట్టుకుని కడుపునిండా అన్నం తిన్నాను.

పురుడు గుంటూరులోనే జరిగింది. మగపిల్లవాడు. ఆసుపత్రి వసారాలో బిడ్డను ఆయన చేతుల్లో పెడితే, ఆయన ఏదో పిలవబోయి గొంతు పెగలక, దగ్గి, ముఖం పక్కకు తిప్పుకున్నారు. కళ్లనిండా నీళ్లు. సంతోషమనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. ఆ గొంతు డాక్టరుగారి ఆసుపత్రి ఆ వీధి చివరే ఉందని నాకు తర్వాత తెలిసింది. పురిటాసుపత్రిలో ఉన్న ఆ కొద్దిరోజులూ ఆయన కాఫీ తేవడానికనీ, మందులకనీ ఆ వీధిలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగారో. ఒక్కసారి కూడా ఆ గుమ్మం ఎక్కలేదు. నాతో కూడా అనలేదు.

నెల వెంట నెల గడిచింది. కాయ గుంటూరు మిర్చి యార్డుకు చేరింది, మంచి రేటే పలికింది. సీసా మీద సీసా మందు తాగుతూనే ఉన్నారు, కానీ గొంతు పిల్లి గొంతైంది. ఆ తర్వాత గుసగుస అయింది. ఎండలు ముదిరిన ఒకరోజు మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉంటే, ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వినిపించింది. నేను విసనకర్ర పక్కన పెట్టి, చీర మార్చుకుని, మా అల్లుడికి ఫోను చేసి కారు తెమ్మన్నాను. ఆయన లేచి కూర్చుని, వేరే డాక్టరు దగ్గరికి వెళ్దామని చేత్తో సైగ చేసి, గుసగుసగా అన్నారు కూడా. ఒకసారి చూసినాయన ఉండగా కొత్తాయన ఎందుకని నేను ఒప్పుకోలేదు. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

డాక్టరుగారు పెద్దవయసు మనిషి. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టారు. మా ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గొంతులోకి గొట్టం వేసి చాలాసేపు చూశారు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, ఆయనతో కాదు, నాతో అన్నారు.

"ఏమ్మా, అంత విడమరిచి చెప్పాను గదా మీకు? గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితేనే ఆగకూడదు, ఈయనకు అప్పటికే నెలలైంది, వెంటనే ముక్క తీసి పరీక్ష చేయించాలి, అనుమానంగా ఉందని చెప్పాను. అప్పుడైతే కరెంటు, అదే రేడియేషన్, పెడితే పోయేది, మాట కూడా దక్కేది. కాయ అమ్ముకుందాకా ఆగుదామనుకున్నారా?"

నాకు ముందు అర్థం కాలేదు. "నాకెవరూ చెప్పలేదండీ. నేను రావడం ఇదే మొదలు" అన్నాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని నన్ను పరకాయించి చూశారు. "మీరు కాదూ? ఆ రోజు ఈయనతో వచ్చిన ఆవిడ..."

"మా అక్కండీ."

మా అల్లుడు గోడ వైపు తిరిగాడు. మా ఆయన తల దించుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బడిలో పట్టుబడ్డ పిల్లవాడిలా కూర్చుని ఉన్నారు. జబ్బు పెద్దదని తెలిసిన బాధ ఆ క్షణాన నాకు కలగలేదంటే మీరు నమ్ముతారో లేదో. అది తర్వాత వచ్చింది, వచ్చి చాలాకాలం ఉంది. ఆ క్షణాన నాకు కనపడింది మా ఇంటి అరుగు, దాని మీద మోకాళ్లు రుద్దుకుంటున్న అక్క, ఆవిడ నోట్లోంచి తడబడకుండా వచ్చిన ఆ మాట. ఈ ఇద్దరూ నా ముందు ఇన్ని నెలలు తిన్నారు, తిరిగారు, బారసాలలో నవ్వారు. నేనొక్కదాన్నే ఏమీ తెలియకుండా వాళ్ల మధ్య విస్తళ్లు వేస్తూ తిరిగాను.

ఇంటికి వచ్చేసరికి అక్క గోడ దారిలో నిలబడి ఉంది. నా ముఖం చూసి కళ్లు దించుకుంది.

"నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"ఒట్టేయించుకున్నాడే. పిల్ల నెలలు నిండి ఉంది, ఇప్పుడు చెబితే నా చెల్లెలూ తట్టుకోలేదు, పిల్లా తట్టుకోలేదనుకున్నా. పురుడు కానీ వదినా, ఆ తర్వాత నేనే చెప్తా అన్నాడు."

"పురుడైంది గదా. బారసాలైంది. కాయ అమ్ముడుపోయింది. నా ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని కాఫీ తాగావు గదా రోజూ. అప్పుడేమైంది నీ నోరు?"

అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా ఉండిపోయానే. ఒకసారి అబద్ధం ఆడినాక మళ్లీ నిజం చెప్పడానికి నోరు రాలా. నిన్ను మోసం చేయాలని కాదే."

"మోసం అంటే ఇంకోటి ఏమన్నా ఉందా అక్కా?" అన్నాను. తిట్టడానికి కూడా పరాయివాళ్లయి ఉండాలి కదా.

ముక్క పరీక్షలో డాక్టరుగారి అనుమానమే నిజమైంది. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. మెడ దగ్గర రంధ్రం పెడతారనీ, ఊపిరి ఇక దానిలోంచేననీ, మాట ఉండదనీ చెప్పారు. ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం అందరూ వచ్చి ఆయన్ను మాట్లాడించారు, ఆ గుసగుసైనా చివరిసారి విందామని. మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని పేరు పెట్టి పిలిచారు. అందరూ వెళ్లాక నేను మంచం పక్కన బల్ల మీద కూర్చుని బత్తాయి ఒలుస్తుంటే, తనంతట తానే మొదలుపెట్టారు.

"నీకు చెబితే నీ మొహం చూడాల్సొచ్చేది. అది నా వల్ల కాలా."

"అక్క మొహం ఎట్టా చూశారు మరి?"

"వదిన గట్టిది. అన్నయ్య పోయిన రోజున గూడా నిలబడింది. నువ్వట్టా కాదు."

నేను ఆ బత్తాయి తొనలు ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు ఏం చెప్పినా ఆయన్ను నొప్పించినట్టే అవుతుంది. కానీ ఆ మాట లోపలికి దిగింది. అబద్ధం చెప్పినందుకు కలిగిన మంట కంటే ఇది ఎక్కువ. అన్నేళ్లు ఒక కంచంలో తిని, బిడ్డను కని, మంచాన పడ్డ అత్తమామలిద్దరికీ చాకిరీ చేసి సాగనంపిన మనిషిని, ఆయన మనసులో నేను చెట్టు మీద పిట్టంత మనిషిని అన్నమాట. గట్టిగా ఒక మాటంటే ఎగిరిపోతానని ఆయన నమ్మకం. ఆ నమ్మకం కోసం ఆయన తన గొంతును పోగొట్టుకున్నారు.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికారు, అది మాత్రం దేవుడి దయ. మెడలో గొట్టం రోజూ తీసి, కడిగి, మళ్లీ పెట్టాలి. ఆసుపత్రిలో నర్సు మొదటిసారి చూపించినప్పుడు మా అల్లుడు బయటికి వెళ్లిపోయాడు. నేను చూసి, రెండో రోజు నుంచి నా చేతులతోనే చేశాను, చివరిదాకా. గట్టిదని ఆయన పేరు పెట్టిన మా అక్క ఆ రంధ్రం వంక ఒక్కసారి కూడా తేరిపార చూడలేకపోయింది. నేను గొట్టం కడుగుతుంటే గోడ దారి దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయేది. ఆయన అది గమనించేవారు. నా వంక చూసేవారు. ఆ చూపులో ఏముందో చెప్పడానికి ఆయనకు గొంతు లేదు, అడగడానికి నాకు మనసు లేకపోయింది.

కోతల రోజుల్లో ఆయన్ను పొలం వైపు వెళ్లనిచ్చేదాన్ని కాదు. ఘాటు నేరుగా ఊపిరిలోకి పోతుంది కదా. మెడకు తడిగుడ్డ కట్టుకుని వీధి అరుగు మీద కూర్చుని, ట్రాక్టర్ల మీద వెళ్లే మిరప బస్తాల వంక చూస్తూ ఉండేవారు. ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తేవారు. నన్ను పిలవాలంటే రెండు చప్పట్లు. మనవడికి మాటలొచ్చాక కూడా తాతతో మాత్రం చేతులతోనే మాట్లాడేవాడు. తాతలంటే మాట్లాడరేమో అనుకునేవాడు పాపం. వేరే పిల్లవాడి తాత గట్టిగా కేకలు వేస్తుంటే విని, ఇంటికి పరిగెత్తుకొచ్చి ఆశ్చర్యంగా చెప్పాడొకసారి. ఆయన నవ్వారు. ఆ నవ్వుకు కూడా చప్పుడు లేదు.

క్షమించావా అని మీరు అడగవచ్చు. ఆయనకు చేయాల్సినంతా చేశాను, ప్రేమగానే చేశాను. కానీ రాత్రనక పగలనక దగ్గర ఉండి చూసుకుంటున్నా, నాకు దాచిన ఆ నెలలు మా ఇద్దరి మధ్యనే ఉండేవి, ఎవరూ కూర్చోని కుర్చీలాగా. ఆయన పోయాక కూడా అవి పోలేదు. మనిషి పోతే కోపం పోతుందంటారు. కోపం పోయింది. అది పోయినంత మాత్రాన నొప్పి పోదు.

ఇప్పుడు రోజులు మారాయి. మా కాలంలో గుంటూరు వెళ్లి చూపించుకుని రావడమంటే ఒక రోజు పని. బస్సు కోసం ఎండలో నిలబడాలి, డాక్టరు చెప్పింది పక్కనున్నవాళ్ల నోట వినాలి, విన్నదాన్ని నమ్మాలి. ఇప్పుడు ఊళ్లోకే డాక్టర్లు వచ్చి చూసి వెళ్తున్నారు, పరీక్ష చేసింది సాయంత్రానికి ఫోనులోకి వచ్చేస్తోంది, మా అమ్మాయైతే వాళ్లాయన రిపోర్టులు ఆయన కంటే ముందు తనే చదువుతుంది. నా బతుకు చూసి నేర్చుకుందేమో. అడగలేదు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలు తగ్గాయని అనను కానీ, దాచడం కష్టమైంది. అది మంచిదే.

మా ఇళ్ల మధ్య గోడ దారి ఇప్పటికీ ఉంది. మేమిద్దరమే మిగిలాం, అక్కా నేనూ. ఆవిడకు ఇప్పుడు తలనొప్పి వచ్చినా, కాలు బెణికినా ముందు నాకే వచ్చి చెబుతుంది. తిన్నదీ తిననిదీ, మందు వేసుకుందీ మానిందీ, డాక్టరు అన్న మాట అన్నట్టే, పొల్లుపోకుండా చెప్పి నా ముఖం వంక చూస్తుంది. ఎందుకు అలా చెబుతుందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. నేను తల ఊపుతాను, అలాగే అక్కా అంటాను, నమ్ముతాను కూడా.

కానీ ఒకప్పుడు అక్క మాట నమ్మడం నేను చేసే పని కాదు. అది జరిగిపోయేది. ఇప్పుడు ఆవిడ చెప్పడం అయ్యాక ఒక్క క్షణం ఆగి, నమ్మాలి అనుకుని నమ్ముతున్నాను. ఆ ఒక్క క్షణం ఆవిడకు కనపడకూడదని మాత్రం ఎప్పుడూ చూసుకుంటాను.